ట్రక్కు బానెట్ మీద పెట్టిన సంతకం

హ్యూస్టన్ నగరవాసి, కీర్తిశేషుడు ఫాబియన్ బన్యూయెలోస్ కుమారుడు ఎలెయుతేరియో అనే నేను, అరవై మూడేళ్ళ వయసులో, మోకాళ్ళు మొరాయించినా బుద్ధి నిలకడగానే ఉండగా, ఎవరి ఒత్తిడీ లేకుండా రాసుకున్న వీలునామా ఇది. ఇంతకుముందు రాసినవి చెల్లవు.

1. ఇరవై ఆరేళ్ళు గోడలకూ పైకప్పులకూ జిప్సం పలకలు బిగించాను. ఎన్నింటికి రావాలో, ఏ గది ముందు చేయాలో అన్నీ గుత్తేదారు డ్వైట్ హార్లన్ చెప్పేవాడు. ఒక పొద్దున ట్రక్కు బానెట్ మీద కాగితాలు పరిచి, "ఇవాళ్టి నుంచి మీరు కూలీలు కారోయ్, ఎవరి కంపెనీకి వాళ్ళే యజమానులు!" అన్నాడు. ఒంటేలుకు వెళ్ళాలన్నా ఆయన్నడగాల్సిన యజమానులం! నాకు నాలుగు ఇంగ్లీషు ముక్కలు వచ్చని, మిగతావాళ్ళకు నచ్చజెప్పే పని నాకు పెట్టాడు. నా చెల్లెలు రుఫీనా భర్త అన్సెల్మో వెనకాడాడు. "ఉత్త కాగితమే కదా బావా, గీకెయ్" అన్నది నేనే.

2. ఆ ఏడే అన్సెల్మో మూడో అంతస్తు పరంజా మీంచి పడ్డాడు. నడుము కింద చచ్చుబడింది. ఆసుపత్రి వరండాలో డ్వైట్ టోపీ తీసి, "పాపం! కానీ అతనిది వేరే కంపెనీ కదమ్మా, బీమా అతనే కట్టుకోవాల్సింది" అని రుఫీనాతో అన్నాడు. ఏడవడం కూడా సబ్‌కాంట్రాక్టుకిచ్చే మనిషి!

అందుచేత నా ఇల్లు రుఫీనా, అన్సెల్మోలకు సమాన హక్కులతో చెందాలి. దానం కాదు బావా, నా నోటికి శాస్తి. వాకిట మెట్లు పగలగొట్టి నీ చక్రాల కుర్చీకి వాలుబాట పోసేశాను.

3. నా కొడుకు హిల్బెర్తోకు ఈ ఇంట్లో వాటా లేదు. వాడిప్పుడు ఆ డ్వైట్ దగ్గరే మేస్త్రీ. కొత్తగా వచ్చిన హోండురస్ వాళ్ళ చేత అవే సంతకాలు పెట్టిస్తున్నాడు. "నువ్వు చేసిందే కదా నాన్నా" అన్నాడు మొన్న. నిజమే. నేను తెలియక చేశాను, వాడు మేనత్త మొగుడి కుర్చీని చూస్తూ చేస్తున్నాడు. వాళ్ళమ్మ వాడికోసం కుట్టిన ఎర్ర దుప్పటి వెంటనే ఇవ్వాలి. నా పనిముట్ల పెట్టె మాత్రం ఆ కొలువు మానిన రోజునే.

4. నాదని డ్వైట్ చెప్పిన కంపెనీని అతనికే రాసిస్తున్నాను. ఆఫీసో, బోర్డో ఎక్కడైనా కనబడితే ఉంచుకోవచ్చు. నా అంత్యక్రియలకు పూలు పంపితే తిప్పి పంపాలి.

5. ఇవన్నీ అమలు చేయాల్సింది రుఫీనా. చెల్లీ, నా మరణ ధ్రువీకరణ పత్రం రాసే గుమాస్తా నా వృత్తి అడిగి, "సొంత వ్యాపారమా?" అంటాడు. గదమాయించు. "కూలివాడు, ఇంకొకరి కింద పనిచేశాడు" అని రాయించు. రాసేదాకా ఆ బల్ల ముందు నుంచి కదలకు.

తేదీ: 14 మార్చి 2019
(సంతకం) ఎలెయుతేరియో బన్యూయెలోస్

సాక్షులు:
ఇమెల్డా సూరితా, పక్కింటావిడ
ఓత్నియెల్ బర్రెరా, పరంజాలు కట్టేవాడు