మగపూలు తెంపెయ్యకండి

ఏమండీ,

అక్క దగ్గరికి వెళ్తున్నాను. లేపితే ఏదో ఒక పని గుర్తొచ్చి ఆపేస్తారని లేపలేదు.

గుమ్మడికీ జుకినికీ పొద్దున్నే పూలు విచ్చుకుంటాయి. మగపువ్వు రేకులు తీసేసి, దాని పుప్పొడిని ఆడపువ్వు మధ్యలో అద్దండి. అడుగున బుల్లి కాయ ఉన్నదే ఆడపువ్వు. పోయినసారి, కాయలు కాయని పూలెందుకని మగపూలన్నీ తెంపేశారు. పిందెలు రాలిపోతున్నాయని మీరు ఫోన్ చేస్తే నేను అక్క దగ్గర్నుంచి రెండోరోజే పరిగెత్తుకొచ్చాను. బీన్స్ రోజూ కోయండి, లేకపోతే పీచు పట్టేస్తాయి.

ముచ్చటపడి విత్తనాలు నాటింది మీరు. మూడేళ్లుగా గుంజకు కట్టేసినట్టు పెరట్లో పడి ఉన్నది నేను. ఈసారి నాలుగు రోజులుంటానని అక్కకు మాటిచ్చాను.

తీగలన్నీ వాడిపోయినా సరే, నాకు ఫోన్ మాత్రం చెయ్యకండి. చేస్తే వచ్చేస్తాను. నా భయం అదే.