కుట్టిన చీరలు

బుధవారం, రాయగడ

నాన్న నడవలేకపోయినప్పటి నుంచి అమ్మకు చక్రాల కుర్చీ మీదే ధ్యాస. నేను వలంటీరుగా వెళ్లే ట్రస్టులో ఇవాళ కుర్చీలు ఇచ్చారు. సొంతవాళ్ల తరఫున మేం మాట్లాడకూడదని అక్కడ రూలు. అందుకే అమ్మ ఒక్కతే వరసలో నిలబడింది. పెద్దవాళ్లను అడగడానికి వెళ్తున్నానని, పెళ్లిళ్లకు కట్టే చీర ఇస్త్రీ చేసి మరీ కట్టుకుంది.

ట్రస్టు మేడమ్ ఆ చీర వైపే చూసింది. "ఇంత మంచి చీర కట్టుకుని సాయానికొచ్చేవేటమ్మా? ఎక్కడో కొల్నార నుంచి నడిచొచ్చినోళ్లున్నారిక్కడ" అంది. పక్క బల్ల దగ్గర టోకెన్లు చింపుతున్న నేను తల ఎత్తలేదు. అమ్మ కూడా నావైపు చూడలేదు. కుర్చీ వరసలో అమ్మ వెనకున్నాయనకు వెళ్లింది. ఆయనకు కాళ్లే లేవు. ఇంక ఎవరి మీద కోపగించుకోను?

ఇంటికి రాగానే అమ్మ చీరలన్నీ మంచం మీద పరిచింది.

"మళ్లీ ఇచ్చినప్పుడు సినిగింది కట్టుకెల్తాను. ఒకటి ఎతుకమ్మీ."

ఒక్కటీ దొరకలేదు. చిరిగిన ప్రతిదాన్నీ అమ్మ ఎప్పటికప్పుడు కుట్టేసింది.

నేనిది రాస్తుంటే, ఎదురుగా కూర్చుని బ్లేడుతో ఆ కుట్లే విప్పుతోంది. నాన్న గోడవైపు తిరిగి పడుకున్నాడు.