రేకుల కింద విత్తనాలు

అక్కా,

ఎలా ఉన్నావని ముందు అడగాలి. అడిగాననుకో. ఒళ్ళూ మనసూ రెండూ అలిసిపోయి ఉన్నాయి, మర్యాదలకు ఓపిక లేదు.

ఈ ఉత్తరంతో చిన్న పొట్లంలో లెట్యూస్ ఆకుకూర విత్తనాలు పంపిస్తున్నాను. మా మరిది కొట్టులో కొన్నవి. నారు కోసం ఈ వేసవిలో మళ్ళీ మళ్ళీ చల్లాను. ఒక్క మొలక లేదు. మధ్యాహ్నం మా షెడ్డులో కాసేపు కూడా నిలబడలేం, అయినా వెళ్ళి ట్రేలలో మట్టి తడిమి వస్తూనే ఉన్నాను. చివరికి తిక్క రేగి కొట్టుకు వెళ్ళి, కొనడానికొచ్చిన వాళ్ళందరి ముందూ అనేశాను. "సొంత వదినకే చచ్చిన విత్తనాలు అంటగడతావా?" అని. అతను తల వంచుకుని షట్టరు దించేశాడు.

ఆ రోజు నుంచి అన్నదమ్ములకు మాటల్లేవు. మా ఆయన నా పక్షమే, కాదనను. కానీ భోజనానికి కూర్చుంటే కంచంలోకి చూస్తూ ఉండిపోతాడు. తమ్ముణ్ణి చంకనెత్తుకుని పెంచిన మనిషి.

నువ్వు విత్తనాల ల్యాబులోనే కదా పనిచేసేది. పరీక్షించి, ఇవి చచ్చినవేనని రాసి పంపు. నా మాట నిజమని తేలితే నాకు కంటి మీద కునుకైనా పడుతుంది.

నీ పిచ్చుక

పిచ్చుకా,

ఇది నీకు నచ్చే ఉత్తరం కాదు. స్థిమితంగా కూర్చుని చదువు.

నీ విత్తనాలు బతికే ఉన్నాయి. చల్లని పెట్టెలో ఉంచినవి ఇంచుమించు అన్నీ మొలిచాయి. మీ షెడ్డులో ఉండేంత వేడిలో ఉంచినవి నీళ్ళు పీల్చుకుని ఉబ్బాయి, అక్కడితో ఆగిపోయాయి. నాకే నమ్మబుద్ధి కాక వాటినీ చల్లని పెట్టెలోకి మార్చాను. అవీ మొలిచాయి.

లెట్యూస్ తీరే అంత. విత్తనం లోపల అబ్సిసిక్ ఆమ్లం అనే హార్మోను ఆగమంటుంది, జిబ్బరెల్లిన్ అనేది కదలమంటుంది. వేడి ముదిరితే ఆగమనేది పెరుగుతుంది, కదలమనేది తగ్గుతుంది. ఆ ఎండలో మొలిచినా మాడిపోయేదే కాబట్టి విత్తనం బిగదీసుకుని కూర్చుంటుంది. జిబ్బరెల్లిన్ కలిపిన నీళ్ళలో నానబెడితే వేడిలోనూ కొన్ని మొలిచాయిలే. ఆ మందు పంపమని మాత్రం అడక్కు. నీకు కావలసింది నీడ. సాయంత్రంపూట చల్లి, మొలక కనబడేదాకా ట్రేలు ఇంట్లో గచ్చు మీద పెట్టుకో.

పోయిన వేసవిలో పచ్చ వల పందిరి కింద ఇవే విత్తనాలు మొలిచాయని నువ్వే రాశావు. వల తీయించి షెడ్డుకు రేకులు వేయించాలని పట్టుబట్టింది ఎవరో నేను చెప్పక్కర్లేదు.

ఇన్నేళ్ళుగా ఈ బల్ల ముందు కూర్చుని మొలకలు లెక్కపెడుతున్నాను. విత్తనం చచ్చిందని రాస్తే, తప్పు అమ్మినవాడిదని తెచ్చినవాళ్ళు సంతోషంగా వెళ్తారు. బతికే ఉందని రాస్తే ఎక్కడో గొడవ. ఈసారి అది మన ఇంటికే వచ్చింది. నువ్వడిగినట్టు రాసిచ్చేద్దామా అని ఒక్క క్షణం అనిపించింది. చెయ్యి రాలేదు. వెళ్ళి ఆ మరిది పిల్లాడితో మాట్లాడు.

మీ అక్క

అక్కా,

నీ మీద కోపం చల్లారడానికే నాకు కొన్నాళ్ళు పట్టింది. తర్వాత వెళ్ళాను.

కొట్టు షట్టరు సగం దించి ఉంది. వంగి లోపలికి వెళ్తే మా మరిది నేల మీద కూర్చుని డబ్బాల్లోని విత్తనాలు గోనెసంచిలోకి ఒంపుతున్నాడు.

"ఏం చేస్తున్నావు?" అన్నాను.

"పారేద్దామని. ఇంకెవరికైనా పొరపాటున అమ్మేస్తానేమో."

"అవి మంచివే. అక్క పరీక్ష చేసింది. తప్పు నా షెడ్డుది."

నమ్మనట్టు చూశాడు. "మంచివా వదినా?" అన్నాడు. మళ్ళీ అదే అడిగాడు. నేను తలూపాను.

"మరి ఆ రోజే నాకు ఎదురు చెప్పొచ్చుగా" అన్నాను.

"నారు సంగతి నీకంటే ఎవరికి తెలుసు? చచ్చాయని నువ్వంటే, చచ్చే ఉంటాయనుకున్నా."

అతను అలిగాడని, పొగరని ఇన్నాళ్ళూ తిట్టుకున్నాను. నా మాట నమ్మి అంగడి మూసుకున్నాడు. అప్పటికే ఎన్ని పారేశాడో అడిగే ధైర్యం లేకపోయింది. తోడికోడలు మంచినీళ్ళు తెచ్చి పెట్టి, నా మొహం చూడకుండా లోపలికి పోయింది. చూస్తుందిలే, ఎప్పటికో.

ఇవాళ రేకులు విప్పుతున్నారు. మరిది పొద్దున్నే పానా పట్టుకుని వచ్చాడు. ఎవరూ పిలవలేదు. మా ఆయన నిచ్చెన తెచ్చి గోడకు వేశాడు. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. మరిది సగం ఎక్కాక మా ఆయన కింద నుంచి, "చెప్పులు విప్పి ఎక్కరా, జారతావు" అన్నాడు.

"నువ్వు నిచ్చెన గట్టిగా పట్టుకో అన్నయ్యా" అన్నాడు అతను.

పట్టుకున్నాడు.

నీ చెల్లెలు