దారి వైపు గాటు

లా కొంగోనా,
శుక్రవారం పొద్దున.

చిరంజీవి ఇదెల్సోకు,

మీ అమ్మ నోల్బెర్తా దీవించి రాస్తున్నది. ఇక్కడ మేమంతా క్షేమం అని ముందుగా రాయాలి కాబట్టి రాస్తున్నాను. ఆ ముక్కను మరీ అంతగా నమ్మకు. నేను బతికున్నాను, నీ చెల్లెలు యోలి బతికుంది, ఇంటి కప్పు సగం మిగిలింది. నువ్వు ఆ చిక్లాయో ఎండలో బియ్యం బస్తాలు మోస్తున్నా వేళకింత తింటున్నావనే తలుస్తాను.

మబ్బు కొండ దిగివచ్చి మన వాకిట్లోనే కూర్చుంది. ఉతికిన బట్ట ఆరి ఎన్నాళ్ళయిందో. ఎలుగు మళ్ళీ కింది చేలోకి వచ్చి మొక్కజొన్న పొత్తులు పీక్కుతింది. యోలి పళ్ళెం వాయిస్తే తిరిగి చూసి, ఇంకో పొత్తు విరుచుకుని మరీ పోయింది. నీలాగే, దానికీ సిగ్గులేదు. అడవి పార్కువాళ్ళు దాన్ని కొట్టొద్దన్నారు కనుక ఎవరూ కొట్టలేదు. ఈ నెలలో ఈ ఊళ్ళో దెబ్బ తగలకుండా బయటపడ్డది ఆ ఎలుగు ఒక్కటే.

లారీ డ్రైవరు చేత పంపిన నీ ఉత్తరం అందింది. నా రాత కోడి కెలికినట్టుంటుందని నవ్వేవాడివిగా, ఇప్పుడు ఇంకా నవ్వు. కుడి భుజం వాచిపోయి ఉంది. నాలుగు ముక్కలు రాసి కాసేపు ఆగుతున్నాను. భుజం ఎందుకు వాచిందో కూడా చెబుతాను. ముందు నువ్వడిగిన వాటికి జవాబులు.

మొట్టమొదట కుక్క ఎలా ఉందని అడిగావు. మనుషుల కంటే కుక్కే ముందు గుర్తొచ్చింది, భేష్. కుక్క లేదు. మీ జ్ఞానతండ్రి మెలానియో తమ్ముడు కాస్తినాల్దో వాకిట్లోకి వచ్చి ఈల వేశాడు. తెలిసినవాడే కదా అని అది తోకాడిస్తూ వెళ్ళింది. కత్తితో తల నరికి దాన్ని మన గడప మీద పారేశాడు. యోలి ఆ నెత్తురు కడుగుతూ ఒక్క ఏడుపు కాదు. మర్నాడు మా మీద రాళ్ళు పడ్డాయి, కప్పు పోయింది. ఆ మర్నాడు మన ఎర్ర ఎద్దు వెనక కాళ్ళ నరాలు కోసేశారు. అది లేవలేక మట్టిలో పొర్లుతూ అరిచింది. చివరికి నేనే గొడ్డలి తెచ్చి దాని బాధ తీర్చాను. నీకు పదేళ్ళప్పుడు కొన్న ఎద్దు అది, వీపు మీద ఎక్కి ఊరేగేవాడివి.

మిషన్ రంపం దొరికిందా అని అడిగావు. దొరికింది. అడవిని కాసే మన ఊరి గస్తీ సంఘం అధ్యక్షుడు దోన్ ఔరేలియో దాన్ని పొదల్లోంచి బయటికి తీశాడు. మీ నాన్న పిడికి చుట్టిన తోలు అలాగే ఉంది. సభలో బల్ల మీద పెట్టి, "ఎవరిదిది?" అని అడిగాడు. అందరికీ తెలుసు. అందరూ నా వంకే చూశారు.

నీతో దొంగచాటుగా మాన్లు కోసిన ఆ దిగువ ఊరి కుర్రాళ్ళిద్దరి సంగతి అడగనేలేదు నువ్వు. నేనే చెబుతాను. పలకలు దాచిన చోట దొరికిపోయారు. గస్తీవాళ్ళు వాళ్ళను ఏట్లో మెడలోతు నిలబెట్టి, పెదాలు నీలంగా మారాక బయటికి లాగి కొరడాలు తీశారు. ఆడవాళ్ళ వంతు వచ్చినప్పుడు నేనూ కొట్టాను, ఎడమ చేత్తో. ఒకడు "అమ్మా, చాలమ్మా" అన్నాడు. "నీ అమ్మని పిలుచుకోరా, నన్నెందుకు పిలుస్తావ్?" అని ఇంకా గట్టిగా కొట్టాను. వీపు చిట్లి నెత్తురు నా పావడా మీద పడింది. చెయ్యి లాగేసి ఆపాను గాని జాలి పుట్టి కాదు. కలప కొనే ఆ మీసాలవాడి లారీని తగలబెట్టారు. వాణ్ణి కిందికి ఈడ్చినప్పుడు ఒక చెవి సగం ఊడింది. ఆ చెవి పట్టుకుని పరిగెత్తాడు, మళ్ళీ కనబడలేదు.

ఇంత ఘోరమా అని నీకు అనిపిస్తే, ఒకసారి మన ఊట దగ్గరకు వచ్చి చూడు. పైన మీరు కోసినప్పటి నుంచి బురద తప్ప నీళ్ళు లేవు. వాలు మీది పచ్చిక ఒక వానకి జారి ఏట్లో కలిసింది. ఇంత కొండకీ పార్కు కాపలావాళ్ళు ఇద్దరే. మన గస్తీయే లేకపోతే ఆ అడవి ఏనాడో పలకలైపోయేది. పద్దెనిమిదేళ్ళకు నువ్వూ ఆ సభలో నిలబడి అడవిని కాస్తానని ఒట్టు వేసినవాడివే. ఆ రోజు నీకు కొత్త ఊలు పాంచో కప్పింది మెలానియో అన్నయ్యే.

ఇక ఆయన కాలు బాగయిందా అని అడిగావు. కాలు కాదురా. నడుము నుంచి కిందికంతా మాను కింద నలిగిపోయింది. మూడో రోజున పోయాడు.

ఇక్కడ ఆగాను. యోలి సూప్ తెచ్చి పెట్టింది, తాగలేకపోయాను. మళ్ళీ రాస్తున్నాను.

తీగలు లాగేశాయమ్మా, మాను లోయ వైపు పడాల్సింది, తీగలు లాగి దారి మీదకు తిప్పాయి అని రాశావు. అవి మబ్బు కొండలు, చెట్టుకీ చెట్టుకీ ముడులుంటాయి, ముందే తీగలు కొయ్యకపోతే ఒకటి పడుతూ పదింటిని లాగుతుంది, నిజమే. మీ నాన్న నీకు నేర్పిందే అది. ఆయనతో పాతికేళ్ళు కాపురం చేసినదాన్ని, నాకు ఆ సంగతి తెలియదనుకున్నావా? అందుకే ఆ మొద్దు దగ్గరికి వెళ్ళాను. నాచు ఎత్తి చూశాను. మొదటి గాటు ఎటు పెడితే మాను అటు పడుతుంది. గాటు దారి వైపే ఉంది, ఇదెల్సో. నున్నగా, లోతుగా, తొందరపడకుండా పెట్టిన గాటు. గస్తీ ఈల విన్నాక పెట్టిన గాటు.

దారి మూసేసి పారిపోదామనుకున్నావేమో. బెదిరిద్దామనుకున్నావేమో. మబ్బులో మనుషులు ఎంత దూరంలో ఉన్నారో తెలియలేదేమో. నేను ఇవన్నీ నీ తరఫున అనుకున్నాను, అనుకుని అనుకుని తల పగిలిపోయింది. తీగలన్నావు చూడు, అక్కడ నాకు ఒళ్ళు మండిపోయింది. మీ అమ్మతో అబద్ధమా?

ఇంతసేపూ దాచిన మాట ఇప్పుడు రాస్తున్నాను. కూర్చుని చదువు.

ఆ పొద్దున గస్తీలో నేనూ ఉన్నాను. ఆడవాళ్ళ వంతు మరుసటి వారం. పక్కింటి అల్సిరాకు కాన్పు నొప్పులు మొదలయ్యాయని వాళ్ళాయన గస్తీ మానేస్తే, ఆ ఖాళీలోకి నేను వెళ్ళాను. ముందు మెలానియో అన్నయ్య, వెనక నేను, మిగిలిన ఇద్దరూ మబ్బులో బాగా వెనకబడ్డారు. చాచిన చెయ్యి కనబడనంత మబ్బు. అన్నయ్య ఈల వేశాడు. రంపం ఆగలేదు, మేం అంత వాలూ ఎక్కి వచ్చేదాకా కోస్తూనే ఉంది. మీ నాన్న రంపం తిరుగుతూ తిరుగుతూ మధ్యలో దగ్గుతుందే, ఆ దగ్గు విన్నాం ఇద్దరం. అన్నయ్య ఆగి నా వైపు తిరిగి, "చెల్లెమ్మా, ఇది మనవాడి రంపం కాదూ?" అన్నాడు. నేను నోరు తెరిచేలోపే పైన చెట్టు ఫెళఫెళమంది. ఆకాశం మీద పడుతున్నట్టు చప్పుడు. అన్నయ్య నన్ను రెండు చేతులతో గుండె మీద కొట్టినట్టు తోశాడు. బండ మీద పడ్డాను, భుజం కీలు తప్పింది. లేచేసరికి ఆయన ఉన్న చోట రోమెరియో మాను ఉంది.

మాను కింద నుంచి ఆయన నిన్ను పిలిచాడు. "ఇదెల్సో! ఒరేయ్, వచ్చి చెయ్యెయ్యరా. మీ అమ్మ ఒక్కతే ఎత్తలేదురా" అన్నాడు. అప్పుడు రంపం ఆగింది. అడుగుల చప్పుడు విన్నాను. అవి మా వైపు రాలేదు.

నేనూ నీ పేరే అరిచాను. మబ్బులో గొంతులు కలిసిపోయి, నా గొంతు నీకు తెలియలేదని అనుకుంటున్నాను. వినిపించినా పరిగెత్తావేమో, అది మాత్రం నాకు ఎప్పుడూ చెప్పకు. తెలిస్తే నేను బతకను.

మూడు రోజులు ఆయన పక్కనే ఉన్నాను. సభవాళ్ళు వచ్చి ఎవరు కోశారని అడిగితే, "మబ్బు, కనబడలేదు" అన్నాడు. నా ఎదుటే అన్నాడు, నా మొహం చూస్తూ. ఆయన పోయాక ఆయన భార్య, మీ జ్ఞానతల్లి హెర్మెలిందా వదిన కొడవలి పట్టుకుని మన ఇంటికి వచ్చింది. యోలిని బయటికి పొమ్మంది. నా మెడ మీద కొడవలి ఆనించింది.

"ఎక్కడున్నాడు వాడు?"

"నన్ను చంపెయ్యి వదినా. అన్నయ్య నన్ను తొయ్యకపోతే నేనే పోయేదాన్ని."

"అదే నన్ను తినేస్తోంది. నిన్నెందుకు తోశాడే? నిన్ను తొయ్యకపోతే తను దూకేవాడు కదే!" అని కొడవలి పారేసి నన్ను చెంప మీద కొట్టింది. ఇంకోటి కొట్టింది. కొడుతూ కొడుతూ నా మీదే పడి ఏడ్చింది. నేనూ ఏడ్చాను. నీకు జ్ఞానస్నానం చేయించిన రోజు ఆ చేతులే నిన్ను ఎత్తుకున్నాయి.

అప్పుడు చెప్పింది. కాస్తినాల్దో, మిగిలిన అన్నదమ్ములు తుపాకి బాగు చేయించుకుంటున్నారట, ఆదివారం లారీలో చిక్లాయో దిగుతారట. "వాళ్ళ చేతిలో పడితే వాడు సంత మధ్యలో కుక్క చావు చస్తాడు. సభ చేతిలో పడితే బతుకుతాడు. నీ ఇష్టం" అంది.

సాన్ హువాన్ పండక్కి రావచ్చా అని అడిగావు. అంతకు ముందే వస్తావు. నిన్న రాత్రి సభ లేచే ముందు నేను నిలబడి, నువ్వున్న ఊరు, సంత, బియ్యం కొట్టు, పడుకునే గోదాము, అన్నీ చెప్పేశాను. గాటు దారి వైపు ఉందని కూడా నేనే చెప్పాను. దోన్ ఔరేలియో టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు.

ఇప్పుడు తల ఎత్తి చూడు. ఈ ఉత్తరం నీ చేతికిచ్చిన నల్ల శాలువా ఆవిడ ముసుగు తీసి ఉంటుంది. హెర్మెలిందా వదినే. మొగవాళ్ళు వెళ్తామంటే ఒప్పుకోలేదు, నేనే ఇస్తానని పట్టుబట్టింది. ఆవిడ నీతో మాట్లాడదు, నువ్వు మాట్లాడించకు. వీధి మూల మీద దోన్ ఔరేలియో, మరో ముగ్గురు నిలబడి ఉంటారు. వెనక సందులో కూడా ఉంటారు, అటు చూడకు. నేనెందుకు రాలేదంటావేమో. నీ మొహం చూస్తే పారిపోరా అనేస్తానని భయం. నాకు నా మీదే నమ్మకం లేదు.

సభలో అందరి ముందూ గాటు నేనే పెట్టానని నీ నోటితో చెప్పాలి. తర్వాత కొరడా. దాని తర్వాత కుతెర్వో పట్నంలో జడ్జి, జైలు. అది ఆపడం నా వల్ల కాదు, ఎవరి వల్లా కాదు. ప్రతి ఆదివారం ఉడికించిన గింజలూ బంగాళాదుంపలూ పట్టుకుని వస్తాను, ఇనుప చువ్వల బయట నిలబడతాను. లోపల నువ్వు బతికి ఉంటే చాలు.

వదిన చేతి మూటలో నీ ఊలు పాంచో ఉంది. పైకి వచ్చే దారంతా వానే, కప్పుకో. కొరడా మొదటి దెబ్బ తల్లి వెయ్యాలని నేనే అడిగి తీసుకున్నాను. భుజం బాగుండకపోయినా కుడి చేత్తోనే వేస్తాను, మెల్లగా వేస్తుందని ఎవరూ అనుకోకూడదు. రాత్రికి నీ వీపుకు పంది కొవ్వు రాసేదీ నేనే. ఎలుగు కొవ్వయితే ఇంకా మంచిది గాని, అది పార్కుది.

రా నాయనా.

ఇట్లు,
నిన్ను కన్నదీ, పట్టిచ్చినదీ,
మీ అమ్మ నోల్బెర్తా