గాజులెక్కని చేతులు

మునివెంకటమ్మా,

బాగుండావా? నేనైతే ఆసుపత్రి బెంచీ మీద కూర్చోని కూర్చోని బెంచీ మాదిరే అయిపోయినా.

నా మనమరాలు హేమలత సీమంతానికి నువ్వు రాలే. చేతులుబ్బి గాజులెక్కకుంటే సబ్బు రాసి ఎక్కించినాం. "పూరీ మాదిరి ఉబ్బినావే" అని నేనే అందర్నీ నవ్విస్తి. తలనొప్పి తాతా, కండ్లు మసక అనింది. "టీవీ తగ్గించు తల్లీ" అంటి. మూడోనాడు ఫిట్స్ వచ్చె.

ఆ ఉబ్బు, తలనొప్పి, మసక అంతా బీపీ వల్లే అంట. కడుపుతో ఉండే పిల్లకీ అది వస్తాదని మాకెవరికీ తెలీదమ్మా. హేమలత దక్కింది. బిడ్డ దక్కలే.

నీ కోడలికి ఏడో నెల కదా. సీమంతం తర్వాత చేద్దువు, ముందు డాక్టరమ్మ దగ్గర బీపీ చూపించు. రేపే పిలుచుకొని పో. పోకుంటే నేనే హొసకోటె బస్సెక్కి వస్తా. నీ ఉప్పులేని చారుతో ముద్ద తినాల్సొచ్చినా సరే.

మీ అన్న