అయ్యప్ప మాల తీసిన చేతులతో

లీడ్స్,
బుధవారం.

అక్కకు, నీ చెల్లెలు వాణి నమస్కారాలు.

ఇక్కడ మేం కులాసా, అక్కడ మీరంతా కులాసా అని తలుస్తాను అంటూ ఉత్తరం మొదలుపెట్టాలని నాన్న మనిద్దరికీ చిన్నప్పుడే నేర్పారు. ఈసారి మొదటి సగం రాయడానికి చేయి రావడం లేదు. రెండో సగం మాత్రం రాస్తున్నాను. నువ్వూ బావగారూ పిల్లలూ కులాసా అని తలుస్తాను. బావగారి షుగరు అదుపులో ఉందా? అమ్మ బీపీ మాత్రలు మానకుండా వేసుకుంటోందా?

ఉత్తరం ఇంటికి రాకుండా నీ స్కూలుకు వచ్చిందేమిటని అనుకుంటూ ఉంటావు. ఇంటికి రాస్తే ముందు అమ్మే చించి చదువుతుంది. మొన్న ఫోనులో "అందరం బాగున్నాం, చలి ఎక్కువగా ఉంది" అన్నాను చూడు, అందులో చలి ఒక్కటే నిజం. నీ పక్కన అమ్మ నిలబడి ఉందని నీ గొంతులోనే తెలిసిపోయింది. ఇంకేం చెప్పను? స్టాఫ్ రూములో కూర్చుని, మంచినీళ్ళు పక్కన పెట్టుకుని చదువు. కంగారు పడకు. పడకు అంటున్నానే గానీ నేను పడుతూనే ఉన్నాను.

మీ మరిది ఆస్పత్రిలో ఉన్నారక్కా. లివర్ ఒక్కసారిగా పనిచేయడం మానేసింది. ఐసీయూలో వెంటిలేటరు మీద ఉంచారు. బతుకుతారో లేదో డాక్టర్లే చెప్పలేకపోతున్నారు. నేను రోగుల తాలూకు వాళ్ళు కూర్చునే గదిలో కూర్చుని రాస్తున్నాను. 

మొదటి నుంచి చెబుతాను. కార్తీకంలో ఆయన అయ్యప్ప మాల వేసుకున్నారని రాశాను కదా. ఇక్కడ మన వాళ్ళకు మూర్తి అంకుల్ గురుస్వామి. ఆయనే తన ఇంట్లో మాల వేశారు. అప్పటి నుంచి ఇంట్లో ఆయన నాకు స్వామి, నేను ఆయనకు మాత. నల్లచొక్కా మీద ఆఫీసు కోటు, ఒంటిపూట భోజనం, చీకటితోనే చన్నీళ్ళ స్నానం. ఇక్కడి చన్నీళ్ళంటే మన గోదావరి నీళ్ళు కాదు, కుళాయి తిప్పితే వేళ్ళు కొంకర్లు పోతాయి. "స్వామీ, బాయిలరు ఉంది కదా, వేడినీళ్ళు పోసుకుంటే అయ్యప్ప ఏమీ అనుకోడు" అన్నాను. "మాతా, దీక్ష అంటే దీక్షే" అన్నారు. మీ మరిది మొండితనం నీకు తెలియనిదా!

జలుబు పట్టింది, జ్వరం వచ్చింది. ఆ మీదట జ్ఞానదంతం దగ్గర చిగురు వాచింది. ఇక్కడ డెంటిస్టు దగ్గర ముందే పేరు నమోదు చేయించుకోకపోతే అపాయింట్‌మెంటు దొరకడం గగనం. ఎక్కడికి ఫోను చేసినా కొత్తవాళ్ళను తీసుకోవడం లేదన్నారు. అందుకని మనందరం చేసే పనే చేశాం. అత్తయ్యగారు ఇచ్చిన మందుల డబ్బా తెరిచాం.

ఆ డబ్బా నువ్వూ చూశావు. మేం ప్రయాణమయ్యేటప్పుడు ఆవిడ ఒక్కో రకం మాత్రలకు ఒక్కో కాగితం చుట్టి, రబ్బరు బ్యాండు వేసి, జలుబుకి, తలకి, పంటికి అని తన చేత్తో రాసి ఇచ్చారు. "ఆ దేశంలో డాక్టరు దొరకడంట, అబ్బాయి అసలే నోరు తెరిచి చెప్పడు, నువ్వే చూసుకోవాలమ్మా" అన్నారు. నేను అలాగే చూసుకున్నాను. జలుబుకి ఒకటి, తలకి ఒకటి, పంటికి ఒకటి. పైగా ఇక్కడి మందులషాపులో దొరికే నిమ్మకాయ వాసన పొడి వేడినీళ్ళలో కలిపి ఇచ్చాను. రోగానికో మందు అనుకున్నామక్కా. అన్నిట్లోనూ ఉన్నది ఒకటే మందు, పారాసెటమాల్. పేర్లు వేరు, రంగులు వేరు, లోపల అదే. దాంతోబాటు కడుపులో తిండి లేదు. ఆ ఒక్కపూట అన్నం కూడా నమలలేక మజ్జిగ తాగి లేచేవారు.

తర్వాత వాంతులు. కుడివైపు డొక్కలో నొప్పి. ఒకరోజు పొద్దున్న చూస్తే కళ్ళు పచ్చగా ఉన్నాయి. మన ఇళ్ళలో కామెర్లంటే ఎవరైనా అంబులెన్సు పిలుస్తారా చెప్పు? నూనె మానేసి పథ్యం పెడతాం, పసరు పోయిస్తాం. మూర్తి అంకుల్ భార్య, ఆంటీ కూడా అదే అన్నారు. "కామెర్లేనమ్మా, మా వాడికీ వచ్చాయి, పెరుగన్నం పెట్టు, పదిరోజుల్లో దిగిపోతాయి" అన్నారు. ఆవిడ దగ్గర నేలఉసిరి పొడి ఉంటే తెచ్చి ఇచ్చారు. ఆ రోజు నాకు ప్రాణం కుదుటపడింది కూడా. తెలిసిన జబ్బే కదా అనుకున్నాను.

మర్నాడు సాయంత్రం వంటింట్లో గంట మోగుతోంది. మేఘన పరిగెత్తుకొచ్చి "మమ్మీ, డాడీ ఈజ్ బీయింగ్ సిల్లీ" అని పకపకా నవ్వింది. వెళ్ళి చూస్తే స్వామి వాషింగ్ మెషిన్‌కు హారతి ఇస్తున్నారు. నాకూ నవ్వు వచ్చింది. "స్వామీ, పటం అటు ఉంది" అన్నాను. తిరిగి నా వైపు చూశారు. ఆ చూపులో నేను లేను. వెలుగుతున్న కర్పూరం అరచేతిలోకి ఒంపుకోబోతుంటే పళ్ళెం లాక్కుని, అంబులెన్సుకు ఫోను చేశాను.

మా ఊరి ఆస్పత్రిలో నర్సు ఆయన పేరు అడిగింది. "స్వామి" అన్నారు. పాస్‌పోర్టులో వెంకట రామకృష్ణ అని ఉంటే, పేరు కూడా తెలియడం లేదని ఆ అమ్మాయి రాసుకుంటోంది. "లేదు లేదు, దీక్షలో ఉన్నవాళ్ళు అలాగే చెబుతారు" అని నేను వాదనకు దిగాను. అప్పుడు ఆ అమ్మాయి నన్ను చూపించి ఈమె ఎవరని అడిగింది. "మాత" అంటారని ఎదురు చూశాను. ఆయన చాలాసేపు ఆలోచించి "బస్సు" అన్నారు.

చేతులు ముందుకు చాపమంటే చాపారు, అవి వాటంతట అవే టపటపా కొట్టుకుంటున్నాయి. లివర్ శుభ్రం చేయాల్సిన విషమంతా మెదడుకు ఎక్కితే అలా అవుతుందట. డాక్టరు నా వయసున్న ఆవిడే. రోజూ ఎంత తాగుతాడని మళ్ళీ మళ్ళీ అడిగింది. మాలలో ఉన్న మనిషిని పట్టుకుని! నాకు ఒళ్ళు మండింది. ఏమైనా మందులు వాడుతున్నారా అంటే లేదన్నాను. అబద్ధం ఆడలేదక్కా, జలుబుకి వేసుకున్న మాత్ర కూడా మందు కిందకు వస్తుందని నా బుర్రకు తట్టలేదు. ఆవిడే ఆయన వాచిన బుగ్గ చూసి, ఈ నొప్పికి ఏం వేసుకున్నాడని అడిగింది. అప్పుడు మాకు తోడుగా వచ్చిన మూర్తి అంకుల్ మా ఇంటికి వెళ్ళి డబ్బా తెచ్చారు. ఆవిడ కాగితాలు విప్పి, ఒక్కో మాత్రల పట్టీ తిప్పి, వెనక చిన్న అక్షరాల మీద వేలు పెట్టి, ప్రతిసారీ అదే పేరు చదివింది. నన్ను ఒక్క మాట కూడా అనలేదు. అని ఉంటే బాగుండేది.

వెంటనే విరుగుడు సెలైన్‌లో ఎక్కించారు. తొందరగా వచ్చి ఉంటే అదొక్కటే సరిపోయేదట. లీడ్స్‌లో లివర్ డాక్టర్లున్న ఈ పెద్ద ఆస్పత్రికి అంబులెన్సులో పంపించారు. ఇక్కడికి వచ్చాక నాకు అన్నీ విడమరచి చెబుతున్నారు. లివర్ పనిచేయకపోతే రక్తం గడ్డకట్టదు, ఒంట్లో చక్కెర పడిపోతుంది, కిడ్నీలు మొరాయిస్తాయి, మెదడు వాస్తుంది. రక్తం గడ్డకట్టడానికి మందు ఇవ్వొచ్చు కదా అని అడిగాను. ఇస్తే లివర్ తనంతట తాను కోలుకుంటోందో లేదో మాకు తెలియదు, రక్తం కారితే తప్ప ఇవ్వం అన్నారు. రోజుకు ఎన్నోసార్లు రక్తం తీసి చూస్తున్నారు. ఆ ఫలితం చెప్పడానికి తలుపు తెరుచుకున్నప్పుడల్లా రాయడం ఆపి తలెత్తుతున్నాను.

ఇది అమ్మకు ఎప్పటికీ చెప్పకు. మెడలో పెద్ద సూది గొట్టం పెట్టాలి, ఆ దండ తీసేయాలి అన్నారు నర్సులు. తులసి మాల. కొండకు వెళ్ళి వచ్చాక గురుస్వామి గానీ కన్నతల్లి గానీ తీయాలి. మూర్తి అంకుల్ ఇంకా దారిలో ఉన్నారు. ఒక్క పావుగంట ఆగమని బతిమాలాను. ఒక నర్సు నా భుజం మీద చేయి వేసి, ఇక్కడ అందరినీ పిలిచినట్టే "లవ్, మనకు పావుగంట లేదు" అంది. కత్తెరతో కత్తిరించబోతుంటే వద్దని నేనే తల పైనుంచి తీశాను. ఆయన మగతలోనే నా మణికట్టు గట్టిగా పట్టుకున్నారు. ఎందుకు పట్టుకున్నారో ఆయనకైనా తెలుసో లేదో. వేళ్ళు ఒక్కొక్కటే విడదీయాల్సి వచ్చింది. "స్వామియే శరణమయ్యప్ప" అని చెప్పాల్సిన చోట "వదలండి, వదలండి" అన్నాను. తర్వాత వచ్చి అంకుల్ "ఆపదలో తప్పు లేదమ్మా, అయ్యప్ప అన్నీ చూస్తాడు" అన్నారు. మాల నా కోటు జేబులో ఉంది. మాటిమాటికీ తడుముకుంటున్నాను.

శుక్రవారం.

ఆ రోజు ఇక్కడి వరకు రాసి, స్టాంపు కొనడానికి కిందికి వెళ్ళే ధైర్యం లేక దాచేశాను. నిన్న పెద్ద డాక్టరు కూర్చోబెట్టి మాట్లాడారు. రక్తపరీక్షలు బాగా లేవు, ఇంకొకరి లివర్ పెట్టాల్సి రావచ్చు అన్నారు. ఆయన పేరు దేశంలో అందరికంటే ముందు వరసలో పెట్టారట. చనిపోయిన మనిషి లివర్, ఇంటివాళ్ళు ఒప్పుకుని ఇస్తే, రక్తం కలిస్తే, ఆయన అంతవరకు ఆగితే. నేను సంతకం పెట్టాను.

అప్పటి నుంచి దణ్ణం పెట్టుకోవడం కుదరడం లేదక్కా. ఏమని పెట్టుకోను? తొందరగా దొరకాలి అనుకున్నానంటే, ఈ ఊళ్ళోనో పక్క ఊళ్ళోనో ఒకడు పొద్దున్న ఇంట్లోంచి బయల్దేరి తిరిగి రాకూడదనే కదా. వాడికీ ఒక మేఘన ఉంటుంది. అలాగని దొరకకూడదు అనుకోగలనా? ఫోనులో అయ్యప్ప పటం తెరిచి పెట్టుకుని నోరు మూసుకుని కూర్చుంటున్నాను. నువ్వు మాత్రం దణ్ణం పెట్టు. ఎలా పెట్టాలో నీకే తెలుస్తుంది.

మేఘన ఆంటీ వాళ్ళింట్లో ఉంది, స్కూలుకు వెళుతోంది. ఫోను చేస్తే "ఈజ్ డాడీ స్టిల్ ఎల్లో?" అని అడుగుతోంది. నాకు తిండి ఆంటీయే పంపిస్తున్నారు, తింటున్నాను. నిజంగా తింటున్నాను.

నీకొక పని చెబుతాను, ఎలాగైనా చేయాలి. ఈ ఉత్తరం అందాక వచ్చే మొదటి శనివారమే అత్తయ్యగారి దగ్గరికి వెళ్ళు. ఆవిడ మోకాళ్ళ నొప్పికి ఒకటి, తలనొప్పికి ఒకటి, ఒళ్ళు వెచ్చబడితే ఒకటి వేసుకుంటారు. పైగా శనివారాలు ఉపవాసం. ఆవిడ డబ్బా కూడా మనం చూడాలి. పట్టీలన్నీ తీసుకుని బావగారి స్నేహితుడు డాక్టరు గారికి చూపించు. మెల్లిగా చెప్పు, మందుషాపు అబ్బాయి చెప్పాడను. కొడుకు సంగతి మాత్రం ఎత్తకు. ఆ కాగితాల మీద రాత ఆవిడది. ప్రేమగా రాసి ఇచ్చారు. ఈ జన్మలో ఆవిడకు ఇది తెలియకూడదు. నేలఉసిరి పొడి, పసరు మందు అని నువ్వు ఎవరితోనూ పంపకు. ఇక్కడ ఏమీ పెట్టకూడదని గట్టిగా చెప్పారు.

ఆదివారం.

అక్కా, నిన్న పొద్దున్న డాక్టరు గదిలోకి రాగానే నేను లేచి నిలబడ్డాను. కూర్చో అన్నారు, నేను కూర్చోలేదు. రక్తం గడ్డకట్టడానికి పట్టే సమయం తనంతట తాను కాస్త దిగింది అన్నారు. సాయంత్రం ఇంకాస్త దిగింది. కాలేయం మళ్ళీ చిగురుస్తుందట, ఒంట్లో అన్నిటికంటే దానికే ఆ గుణం ఎక్కువట. ఇవాళ ఆ వరసలోంచి ఆయన పేరు తీసేశారు. ఇంకా గండం గడవలేదు, ఇన్ఫెక్షన్ రావచ్చు, కిడ్నీలకు మెషినే దిక్కు, మెదడు సంగతి లేచాక గానీ చెప్పలేం అన్నారు. లేచి ఎవరిగా లేస్తారో అని నాకు మరో భయం. వాషింగ్ మెషిన్ ముందు చూసిన ఆ కళ్ళే ఉంటే?

మధ్యాహ్నం మత్తు మందు తగ్గించారు. నోట్లో గొట్టం ఉంది, మాట రాదు. కనురెప్పలు కదిలాయి. నర్సు గట్టిగా పేరు పెట్టి పిలిచింది, వేలు నొక్కమంది. నొక్కలేదు. నేను "ఏమండీ" అన్నాను, "స్వామీ" అన్నాను. ఏమీ లేదు. కాసేపటికి కుడిచేయి మంచం మీద నుంచి లేచింది. మెడ దగ్గరికి వెళ్ళింది. గొట్టం పీక్కుంటారని నర్సు గబుక్కున చేయి పట్టుకుంది. ఆయన విడిపించుకుని మళ్ళీ అక్కడికే పెట్టారు. ఛాతీ మీద అటూ ఇటూ తడుముతున్నారు. నొసలు ముడిపడింది. కళ్ళు నన్ను వెతికి, నా మీద ఆగి, నిలదీస్తున్నట్టు చూశాయి.

మాల కోసమక్కా. మాల ఏదని అడుగుతున్నారు.

జేబులోంచి తీసి ఆయన అరచేతిలో పెట్టాను. వేళ్ళు మూసుకున్నాయి. నర్సుకు ఏమని చెప్పను, "హీ నోస్, హీ నోస్" అని ఏడ్చేశాను.

రేపు స్టాంపు కొని పోస్టు చేస్తాను. ఇది నీకు చేరేసరికి ఇక్కడ ఏమవుతుందో తెలియదు, భయం ఇంకా పోలేదు. ఫోను మోగితే నువ్వే ఎత్తు. నేను "చలి తగ్గింది" అంటే ఆయన బాగున్నారని అర్థం చేసుకో.

బావగారికి నమస్కారాలు, పిల్లలకు ముద్దులు. అమ్మానాన్నల కాళ్ళకు నా బదులు నువ్వు దణ్ణం పెట్టు, ఎందుకని అడిగితే ఊరికేనే అను. మాల తీసింది ఎవరని ఆయన అడిగే రోజు రావాలని, అడిగి నన్ను కోప్పడాలని దీవించు.

నీ చెల్లెలు,
వాణి