కాకిముద్ద గీత

నవంబర్ 3, సోమవారం, హిందూపురం

నాయన లెక్కలో నేను కంప్యూటర్లు రిపేరు చేస్తాను. ఈరోజు మురళి మామ వస్తే, మా హరిత ఉండాది గదప్పా, నీ ప్రింటర్ తెచ్చి ఈడ పడెయ్ అన్నాడు. ఆయన తెచ్చి పడేశాడు. నా టేబుల్ మీదే. అవ్వ ఇంకా నయం. ఇంట్లో కూచున్నదానికి జీతమెవరిస్తారే, ఉద్యోగం ఊడినట్టుండాది, చెప్పడం లేదు అని అమ్మ చెవిలో.

ఇంటి నుంచే నేను చేసే పని చీరల డిజైన్ సాఫ్ట్‌వేర్. కొత్త వెర్షన్ 5లో సరిచేసిన తప్పుల్లో వేటిని పాత వెర్షన్ 2కి కూడా పంపాలో తేల్చాలి. ధర్మవరంలో మా కస్టమర్లవి పాత కంప్యూటర్లు. వాటిలో 5 ఎక్కదు. శుక్రవారం అప్‌డేట్. రెండు ఫిక్సులున్నాయి. ఒకటి, సేవ్ చేస్తుంటే క్రాష్. రెండోది, అంచులో బొమ్మ రిపీట్ అయినప్పుడల్లా దాని ఆఖరి గీత మాయమవడం. దాన్ని పట్టుకున్నది నేను, సరిచేసింది నేను. రెండూ పంపాలి. దీనికి ఆలోచన దేనికి?

నవంబర్ 4

అమ్మ తమ్ముడు లక్ష్మన్న మామది ధర్మవరంలో పట్టు మగ్గం. ఆయన కంప్యూటర్‌లో రెండు ఫిక్సులూ ఇక్కణ్ణుంచే వేశాను, టెస్టింగ్‌కి. ఇప్పుడన్నా నా పనేమిటో వీళ్లకు అర్థమవుతుంది.

నవంబర్ 5, ఉదయం

అర్థమైంది. మామ ఫోన్ చేసి అరిచాడు. నాకు కాదు, అమ్మకు. నీ కూతురు బాగుండేదాన్ని బాగుచేసిందక్కా, పెండ్లి చీర అంచులో నెమలికీ నెమలికీ మధ్య గీత పడతాండాది, చూసుకోకుండా జానెడు నేసేసినా అని. ప్రింటర్ ఏమైందని నాయన సరిగ్గా అప్పుడే అడగాలా?

సాయంత్రం

ధర్మవరం బయల్దేరాను. పెనుకొండలో రైలు ఆపేశారు. ఎందుకో ఎవరూ చెప్పరు. పక్క సీటామె నేనెవరి కూతురో, పెండ్లయిందో లేదో అంతా రాబట్టింది. రైలు కదల్లేదు. నా కోడ్‌లో తప్పు లేదు. ఉంటే చూపించమంటాను.

నవంబర్ 6, ధర్మవరం

తప్పు లేదు. చిరాకంతా అదే.

మామ ఫైళ్లన్నీ తెరిచాను. ప్రతి డిజైన్ అడుగున ఒక ఖాళీ గీత. ఇదెందుకన్నాను. కాకికి ముద్ద పెట్టినట్టు ఈ ప్రోగ్రామ్‌కొక గీత పెట్టాల పాపా, లేకుంటే నెమలి కాళ్లు తింటాది అన్నాడు. పక్కిళ్లలోనూ అంతే, అందరూ పెట్టేస్తున్నారు. నా ఫిక్సుతో అది తినడం మానేసింది, పెట్టిన ముద్ద అంచులో మిగిలింది. మరి మాకెందుకు చెప్పలేదంటే, మీరు యాడ అడిగినారు అని ధనలక్ష్మత్త కాఫీ గ్లాసు చేతికిచ్చి నవ్వింది.

పాత ప్రోగ్రామ్ మళ్లీ వేశాను. మామ ఆ జానెడూ పోగు పోగుగా విప్పుతున్నాడు. నావైపు చూడడు.

మా లీడ్ సతీష్‌కి ఫోన్ చేశాను. తప్పని తెలిసి వదిలేస్తామా, రిలీజ్ నోట్స్‌లో రాద్దాం, వాళ్లే ఫైళ్లు సరిచేసుకుంటారు అన్నాడు. పైగా ఈ ఏడాది రివ్యూలో చూపించుకోవడానికి నీకున్నది ఇదొక్కటే, నీ ఫిక్సును నువ్వే ఆపుకుంటావా, చివరికి నీ ఇష్టం అన్నాడు. ఇదొక్కటే, నిజమే. కానీ రిలీజ్ నోట్స్ ఈ వీధిలో ఎవరు చదువుతారు? నేనే చదవను. రేపు అప్‌డేట్ దానంతటదే దిగుతుంది. పెండ్లిళ్ల సీజన్. ఎన్ని మగ్గాల మీద ఎన్ని జానలు?

నవంబర్ 7, శుక్రవారం, హిందూపురం

ప్రింటర్ విప్పకుండానే వెనక్కి పంపాను.

క్రాష్ ఫిక్స్ వెర్షన్ 2కి పోయింది. నాది పోదు. గీతను తిననీ.